గోళ్ల రంగు గీత

"నీ కళ్లు పోయాయి రుస్తికో. ఉద్యోగం కూడా పోగొట్టుకుంటావా?"

డైరెక్టర్ ఫ్లోర్సీతా మాం ఏ మాటనీ చుట్టూ తిప్పి చెప్పే రకం కాదు. సెబూ రేవుకి ఎదురుగా, కింద ఎండుచేపల ఎగుమతి కంపెనీ బోర్డు తగిలించుకున్న మేడమీద గదిలో ఏసీ చెడిపోయి వారమైంది. ఏజెంట్ 41, రుస్తికో అబెల్యనోసా, మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"నా కళ్లకేం మాం? అదుగో, ఆ చివరి ఓడ పేరు చదవమనండి, చదువుతాను."

"ఓడ వద్దు. ఇది చదువు."

ఆమె తోసిన ఫైలు తీసి చెయ్యి చాపి పట్టుకున్నాడు. అక్షరాలు చీమల్లా పాకాయి. ఇంకొంచెం చాపాడు. చెయ్యి అయిపోయింది, అక్షరాలు మాత్రం దొరకలేదు. గది మూల కూర్చున్న ఇసదోరా కిసుక్కున నవ్వింది. రుస్తికోకి ఒళ్లు మండింది.

ఇసదోరా మనీలా నుంచి మూడు నెలల కిందట వచ్చిన లైజన్ ఆఫీసర్. ఆ ఉక్కలో కూడా చెమట పట్టని మనిషి. పట్టు చొక్కా, మల్లెల సెంటు, పదివేళ్లకీ నిగనిగలాడే ఎర్రరంగు.

"నేను చెప్తాలే, విను," అంది మాం. "అర్చిన్ ముఠా. విదేశీయులు. మన సముద్రం అడుగున కేబుళ్ల మ్యాపులు దొంగిలించి అమ్ముకుంటున్నారు. వాళ్ల రేడియో ఆపరేటర్ అన్సెల్మో మనవైపు తిరిగాడు. రెండు నెలల కిందట మందావే మార్కెట్లో, నీకు ఇరవై మీటర్ల దూరంలో, వాణ్ని కాల్చేశారు. నువ్వు పిస్టల్ తీశావు. ఆలస్యంగా కాల్చావు. గోడకి తగిలింది."

పిస్టల్ తియ్యడంలో రుస్తికో ఆలస్యం చెయ్యలేదు. దాని మొనమీది గురిముల్లు మసకబారిపోయింది, అంతే. దాన్ని వెతుక్కునే ఒక్క క్షణంలో మనిషి పోయాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, రిపోర్టులో రాయలేదు. రాత్రుళ్లు మాత్రం దాన్నే నములుతున్నాడు.

"అన్సెల్మో చెల్లెలు మెల్చోరా శుక్రవారం పది గంటలకి బొహోల్ ఫెర్రీలో దిగుతుంది. ముఠా వాడే పదకొండు ఫ్రీక్వెన్సీలు ఆ పిల్ల తలలో ఉన్నాయి. కాగితం మీద పెట్టనంటోంది. కాపలాకి నిన్నే అడిగింది."

"నన్నా?"

"మా అన్నని కాపాడలేకపోయిన మనిషే రావాలి, రెండోసారి అతను రెప్ప వెయ్యడు, అందిట." మాం ఫైలు మూసింది. "నీ పిస్టల్‌కి రెడ్ డాట్ సైట్ పెట్టించుకో. గురిముల్లు చూడక్కర్లేదు. మనిషిని చూస్తే చాలు, ఎర్రచుక్క వాడి మీద కూర్చుంటుంది. ఇవాళ మంగళవారం."

"రేవు గేటు దగ్గర చిల్లర వ్యాపారుల్ని తడిమి చూస్తారు," అంది ఇసదోరా, గోళ్లు చూసుకుంటూ. "నాకు పోర్ట్ పాస్ ఉంది. మీ పిస్టల్ నేను లోపలికి తెచ్చిస్తాను సర్."

"చిల్లర వ్యాపారా? నా వేషం ఏమిటి మాం?"

మాం నవ్వు ఆపుకుంది. "కళ్లద్దాలు అమ్మేవాడివి."

*

గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఏమిటో ఆ మూడు రోజుల్లో రుస్తికోకి బాగా తెలిసొచ్చింది.

స్టోర్స్ గుమస్తా మొదట ఇచ్చిన సైట్ పెద్ద పిస్టళ్లది. రుస్తికోది చొక్కా కింద దాచుకునే చిన్న పిస్టల్. పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే సన్నటి స్లయిడ్ మీద ఆ సైట్ పెడితే రెండు పక్కలా చూరులా వేలాడింది. రెండోది కొలతకి సరిపోయింది కానీ స్క్రూ బెజ్జాలు కలవలేదు. "ఫారంలో 'సైట్ ఒకటి' అని రాశారు సర్. బెజ్జాల గురించి రాయలేదుగా," అన్నాడు గుమస్తా. మూడోది అన్నింటికీ కుదిరింది. కుదిరిందనుకుని రుస్తికో దాన్ని జేబులో వేసుకుని దనావ్ ఊరికి పరిగెత్తాడు.

దనావ్‌లో ఇంటికో తుపాకీ మేస్త్రీ. వాళ్లలో అందరూ నోంగ్, అంటే పెద్దన్న, అని పిలిచే తెబాన్ పెద్దవాడు, డెబ్భై దాటాయి. ఒకసారి పక్షవాతం వచ్చిపోయి కుడిచెయ్యి వణుకుతుంది. లైసెన్సు వచ్చాక డిపార్ట్‌మెంటు పనులన్నీ ఆయనకే వస్తాయి. సైట్ తిరగేసి చూసి ఆయన పెదవి విరిచాడు.

"బ్యాటరీ అడుగున ఉందిరా దోంగ్. మార్చాలంటే సైట్ మొత్తం ఊడదియ్యాలి. దీపంలో నూనె పొయ్యడానికి ఇంటికప్పు పీకినట్టు. ఎవడు ఎంచాడు దీన్ని?"

"నలభై ఎనిమిదేళ్లవాణ్ని పట్టుకుని దోంగ్, చిన్నబ్బాయ్ అంటావేమిటి నోంగ్! గవర్నమెంటు ఎంచింది. బిగించు, త్వరగా."

త్వరగా అన్న మాట తెబాన్ చెవికి ఎక్కదు. మధ్యలో అడాప్టర్ ప్లేటు పెట్టాడు. స్క్రూలు ఒక చుట్టు పొడవెక్కువై లోపల తగిలి స్లయిడ్ పట్టేసింది. వాటిని తీసి ఆకురాయితో అరగదీశాడు. బెజ్జాల్లో నూనె ఉందని స్పిరిట్‌తో కడిగాడు. కొబ్బరాకు పొట్లంలో ఉడికిన పుసో అన్నం తెరిచి, పందిమాంసం నంజుకుంటూ తీరిగ్గా తిన్నాడు. రుస్తికో కొట్టు ముందు పచార్లు చేసి చేసి చెప్పు తెంపుకున్నాడు. తిండయ్యాక తెబాన్ పాత గురిముల్లు పీకి పొడుగుపాటి ముల్లు దిగ్గొట్టడం మొదలుపెట్టాడు.

"ఇదెందుకు? ఎర్రచుక్క ఉందిగా!"

"కరెంటు వస్తువుని నమ్ముకుని కాపరం చెయ్యకు. బ్యాటరీ చచ్చిందనుకో, ఆ అద్దంలోంచే ఇనప గురి కనపడాలి."

"ఆ ఇనుము కనపడకే కదా నీ దగ్గరికొచ్చి ఏడుస్తున్నాను!"

"కనపడకపోతే కళ్లద్దాలు పెట్టుకో. సిగ్గా?"

"నాకు కళ్లద్దాలు అక్కర్లేదు!"

"అక్కర్లేదు, అక్కర్లేదు," అన్నాడు తెబాన్, చిన్నపిల్లాణ్ని జోకొట్టినట్టు.

చివరికి స్క్రూ జిగురు రాసి సైట్ బిగించాడు. బిగించాక అరలోంచి చిన్న సీసా తీశాడు. చచ్చిపోయిన భార్య మిగిల్చి వెళ్లిన ఎర్ర గోళ్లరంగు. పదేళ్ల నుంచి ఎండిపోయినప్పుడల్లా థిన్నర్ పోసి పలచన చేసుకుంటున్నాడు. వణికే చేత్తో ఒక్కో స్క్రూ తల మీద నుంచి పక్క ఇనుము మీదకి వంకర గీత గీశాడు. స్క్రూ కదిలితే గీత తెగుతుంది, వదులైందని అప్పుడే తెలుస్తుంది.

"రేపు మధ్యాహ్నం దాకా ముట్టుకోకు. ఆరాలి."

"రేపా? శుక్రవారం లోపల నా ప్రాణం ఆరిపోతుంది నోంగ్!"

బుధవారం అలా గడిచింది. గురువారం షూటింగ్ రేంజిలో మరో నరకం. పిస్టల్ ఎత్తితే అద్దంలో చుక్క ఉండదు. పైకి, పక్కకి, కిందకి తిప్పితే మెరిసి మాయమవుతుంది. దొరికినప్పుడు పగిలిన గుడ్డులా చెదిరి కనపడుతుంది.

"వెలుగు తగ్గించు, చెదరదు," అన్నాడు వెనక బల్ల మీద కూర్చున్న తెబాన్. "చుక్క కోసం దేవులాడకు. మనిషిని చూడు. తుపాకీ మూతి కాస్త దించు, చుక్క దానంతటదే పైనుంచి దిగొస్తుంది."

మొదటి తూటాలు ఎడమకీ కిందకీ పడ్డాయి. సైట్ పక్కనున్న మర తిప్పారు. కుడికి పోయాయి. మళ్లీ తిప్పారు. రుస్తికో పళ్లు నూరాడు, బూతులు లంకించుకున్నాడు, గోడని తన్నాడు. కోపం పట్టలేనప్పుడల్లా అతని బొటనవేలు స్క్రూ మీది రంగుని గీరుతూనే ఉంది. తెబాన్ రంగు ఎండితే సగ్గుబియ్యం గింజంత గడ్డ కట్టి గరుకుగా ఉంటుంది. కంటికి ఆనని ఆ గింజ వేలికి మాత్రం బాగా అలవాటైపోయింది.

సాయంత్రం అయ్యేసరికి పదికి పది తూటాలు అరచేతిలో ఇమిడిపోయే చోట పడ్డాయి. మూడు రోజుల్లో మొదటిసారి అతను నవ్వాడు. పిస్టల్ తీసుకెళ్లి ఇసదోరా చేతిలో పెట్టాడు.

*

శుక్రవారం. తొమ్మిది నలభై. రేవు కిటకిటలాడుతోంది. రుస్తికో మెడలో పలకలాంటి తట్ట, తట్ట నిండా కళ్లద్దాలు, తల మీద చిరుగుల గడ్డిటోపీ, చెవిలో కందిగింజంత ఇయర్‌ఫోన్.

ఇసదోరా తెల్లగొడుగు ఊపుకుంటూ వచ్చింది. "ఎండ మండిపోతోంది. నల్లద్దాలున్నాయా?"

"నల్లవి నిన్ననే అయిపోయాయి. పొగరంగువి ఉన్నాయి." కోడ్ సరిపోయింది.

ఆమె ఒక జత పెట్టుకుని చూసుకుని, తట్ట అడుగు అరలోకి గుడ్డచుట్టిన పిస్టల్ జార్చింది. "ఆల్ ది బెస్ట్ సర్. బాగా చూసి కాల్చండి," అని ఫెర్రీ వైపు వెళ్లిపోయింది. ఆ 'బాగా చూసి' అన్న మాట పంటికింద రాయిలా తగిలింది.

ఇంతలో ఒక ముసలావిడ తట్ట మీద పడింది. "దోంగ్, సూదిలో దారం ఎక్కించాలి. రెండో నంబరు ఉందా?"

"ఉంది నాంగ్, పెద్దమ్మా. చూసుకోండి."

"ఇది బాలేదు. ఇది ముక్కు నొక్కుతోంది. ఇంకోటి?"

తొమ్మిది యాభై ఎనిమిది. ఫెర్రీ ఒడ్డుకి తగిలి మెట్లు దించారు. రుస్తికో తట్ట కింద చెయ్యి పెట్టి, గుడ్డ తప్పించి పిస్టల్ పట్టుకున్నాడు. బొటనవేలు అలవాటుగా స్క్రూ మీదకి పోయింది.

నున్నగా ఉంది.

మళ్లీ తడిమాడు. గింజ లేదు, గరుకు లేదు. గీత మాత్రం తిన్నగా, జారుడుగా, గోరు పైభాగంలా ఉంది. రెండో స్క్రూ మీదా అంతే.

సైట్ ఎవరో ఊడదీశారు. మళ్లీ బిగించి, గుర్తు తెలియకుండా కొత్త రంగు పూశారు. దగ్గరివి కనపడని గుడ్డివాడికి గీత రంగే చాలనుకున్నారు. తట్ట చాటున వంచి అద్దంలోకి చూశాడు. చుక్క మిణుకుమంది, నీరసించింది, ఆరిపోయింది. చచ్చిన బ్యాటరీ! తూటాలు తీసేస్తే బరువు తెలుస్తుంది, దొరికిపోతుంది. చుక్క ఆరిపోతే ఏమంటారు? ముసలి రుస్తికో మళ్లీ గురి తప్పాడంటారు. రాత్రంతా పిస్టల్ ఎవరి దగ్గరుందని ఎవడడుగుతాడు?

ఇయర్‌ఫోన్‌లో నోరు విప్పడానికి లేదు, అదే లైన్‌లో ఇసదోరా కూడా వింటోంది. మెట్ల మీద పసుపు చొక్కాలో మెల్చోరా. పక్కనే, చెయ్యి పట్టుకుని, ఇసదోరా.

"మూడు రోజులు! మూడు రోజులు చాకిరీ చేసి సాధించింది ఇదా!" అని రుస్తికో పళ్ల మధ్య తిట్టుకున్నాడు.

దూరం మాత్రం అతనికి అద్దంలా కనపడుతుంది. ఇసదోరా తెల్లగొడుగు విప్పింది. విప్పి, మెల్చోరా చెయ్యి వదిలి రెండడుగులు పక్కకి జరిగింది. పద్దెనిమిది మీటర్ల అవతల నీలం చొక్కా కూలీ తోపుడుబండి ఆపి, గోనె కింద చెయ్యి పెట్టాడు.

రుస్తికో పిస్టల్ ఎత్తాడు. చచ్చిన అద్దంలోంచి తెబాన్ దిగ్గొట్టిన పొడుగు ముల్లు లేచింది, మసకగా, పొగలా. మళ్లీ మందావే. మళ్లీ ఆ క్షణమే.

*కనపడకపోతే కళ్లద్దాలు పెట్టుకో. సిగ్గా?*

"నాంగ్, క్షమించండి!" అని ముసలావిడ ముక్కు మీంచి రెండో నంబరు జత లాగేసి తన ముక్కున తగిలించుకున్నాడు.

లోకమంతా అలికేసినట్టయింది. ఓడ పోయింది, జనం పోయారు, మొహాలు పోయాయి. ముల్లు మాత్రం సూదిమొనలా నిలబడింది. దాని వెనక ఒక పసుపు మరక, ఒక తెల్ల మరక, ఒక నీలం మరక. నీలం మరకలోంచి నల్లగా ఏదో లేచింది.

రుస్తికో ఊపిరి బిగబట్టి నీలం మరక భుజం మీద ముల్లు నిలిపి నొక్కాడు.

కేకలు. ఏదో ఇనుము సిమెంటు మీద పడి దొర్లిన చప్పుడు. నీలం మరక బండి మీద కూలిపోయింది. "గొడుగుని పట్టుకోండి! ఇసదోరాని!" అని అరిచాడు, ఇక ఎవరు వింటే ఏం! కళ్లద్దాలు నుదుటికి తోసి చూసేసరికి, పారిపోబోయిన ఇసదోరా జుట్టు మెల్చోరా రెండు చేతుల్లో ఉంది. "మా అన్నని కూడా ఇలాగే వదిలేసి జరిగావా? చెప్పవే!" అని ఆ పిల్ల ఏడుస్తూ గుంజుతోంది. మఫ్టీలో ఉన్న మనవాళ్లు వచ్చి విడదియ్యడానికి చాలాసేపు పట్టింది.

పది నిమిషాల తర్వాత ఫ్లోర్సీతా మాం ఇసదోరా సంచీ తెరిచింది. చిన్న స్క్రూడ్రైవరు, మంచి బ్యాటరీ, ఖరీదైన ఎర్ర గోళ్లరంగు సీసా. మాం ఫోన్లో చెప్పిన సంగతి విన్న తెబాన్ అవతల నుంచి రంకెలు వేశాడు. "తిన్నటి గీతా? నా పేరు మీదా? మా ఆవిడుంటే చూడగానే చెప్పేది, ఇది మా ఆయన చెయ్యి కాదని!"

మెల్చోరా చెదిరిన జుట్టుతో రుస్తికో ముందుకొచ్చి నిలబడింది.

"ఈసారి రెప్ప వెయ్యలేదు," అంది.

రుస్తికో తలవంచుకుని తట్ట సర్దుకుంటుంటే ఎవరో మోచెయ్యి గిల్లారు. ముసలావిడ.

"నా కళ్లద్దాలు, దోంగ్."

అతను నుదుటి మీంచి తీసి, చొక్కా అంచుతో తుడిచి, రెండు చేతులా అందించాడు. ఆవిడ అందుకోలేదు. పిస్టల్‌నీ, తట్టనీ, అతని మొహాన్నీ తీరిగ్గా చూసింది.

"వద్దులే నాయనా, నువ్వే ఉంచుకో. నేను ఎక్కించేది దారమేగా."