మట్టిలో మాగిన పొత్తు

"విత్తనం దేశం దాటకూడదు." రాజధాని లిలాంగ్వేలో చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. గుమ్మం దాకా వచ్చి ఇంకొకటి చేర్చాడు. "ముఠాలో మన మనిషి ఒకరున్నారు. కోడ్: చేపల్లో ఇసుక."

మూడో రోజు మధ్యాహ్నానికి ఏజెంట్ మసౌకో, ఎండుచేపలమ్మే వేషంలోనే, న్ఖోటాకోటా కొండల్లో ముఠాకు చిక్కి, నాచిసాలే అవ్వ వంటపాకలో గుంజకు కట్టేసి ఉన్నాడు. ట్రాన్స్‌మిటర్ దాచిన సైకిల్ గంట పెనుగులాటలో ఊడిపడి గుమ్మం బయట మెరుస్తోంది. పది అడుగులే. అందదు.

అవ్వ పండించే గంజాయికి మామిడిపండు వాసన. పూగుత్తులను అరటాకులో మొక్కజొన్న పొత్తుల్లా చుట్టి, నారతో బిగించి, మట్టిలో పాతిపెడుతుంది. ఆ ఉక్కలో మాగితేనే ఆ రుచి. విదేశీ ముఠా నాయకుడు ఫెల్డన్ ఆ విత్తనం తన పేర రిజిస్టర్ చేయించుకుంటే, ఇక ఈ కొండల్లో ఎవరు గింజ నాటాలన్నా వాడి అనుమతి కావాలి.

"విత్తనం ఎక్కడ?" ఫెల్డన్ పిస్టల్ ఎత్తాడు.

అవ్వ పాక మూల గుంట చూపించింది. ఫెల్డన్ పొత్తు తవ్వి విప్పాడు. పాకంతా మామిడి వాసన. గుత్తుల మధ్య గుండ్రటి గింజలు.

"అవ్వా, ఇవ్వొద్దు! నీ మనవళ్లు రేపేం నాటుతారు?" మసౌకో గింజుకున్నాడు. తాడు మణికట్టు కోసింది.

ఫెల్డన్ నవ్వాడు. "వీడు అరిచాడంటే అసలు సరుకే. యాంఖో, నువ్వు ఈ వైపుదానివే కదా. చూసి చెప్పు."

యాంఖో నల్లకళ్లద్దాలు పైకి తోసింది. ఎర్ర పట్టు తలగుడ్డ, ఎత్తు మడమల చెప్పులు. పొత్తు వాసన చూసింది. ఆమె చూపు పొయ్యి మీద వేలాడుతున్న మసిపట్టిన సొరకాయ బుర్ర దగ్గర ఆగింది. మొక్కజొన్న పిండితో న్సిమా ముద్ద కలుపుతున్న అవ్వ గరిటె కూడా ఆగింది.

"ఏమ్మా, పట్నం చెప్పులు తొడిగితే ఇంటి వాసన మర్చిపోయావా?" అంది అవ్వ.

"మర్చిపోతానా అవ్వా!" యాంఖో ఫెల్డన్ వైపు తిరిగింది. "ఇదే సార్. ఇంత తీపి వాసన ఇంకెక్కడుంటుంది?"

గుంటలోని పన్నెండు పొత్తులూ పెట్టెలోకెక్కాయి. వెళ్తూ యాంఖో చేపల బుట్టను తన్నింది. "ఛీ, చేపల్లో ఇసుక! నీ డొక్కు గంట కూడా నువ్వే ఉంచుకో." గుమ్మం దాటుతూ గంటనూ కాలితో తోసింది; అది లోపలికి దొర్లింది. బయట తాళం పడింది.

మసౌకో నివ్వెరపోయాడు. మన మనిషి! మరి విత్తనం ఎందుకిచ్చింది? దూరంగా విమానం ఇంజన్ మొదలైంది. అవ్వ కట్లు విప్పగానే గంట మీద పడ్డాడు. ఒక్క నొక్కు చాలు, రన్‌వే మూసేస్తారు.

అవ్వ అతని చెయ్యి పట్టుకుంది. "పోనీరా!"

"విత్తనం పోతోందవ్వా!"

"నువ్వు చేపలవాడివి కాదని మొదటిరోజే కనిపెట్టాను, తూకం సరిగ్గా వేశావు. గంజాయి సంగతీ తెలీదా నీకు? మట్టిలో అంత వేడికి మాగిన గింజ బతుకుతుందా? విత్తనం అదిగో, బుర్రలో, బూడిదలో ఉంది. ఇక్కడ పుట్టిన పిల్లకి తెలీదూ? ఇప్పుడు వాణ్ణి ఆపావంటే మళ్లీ ఇక్కడికే వస్తాడు."

విమానం నెత్తిమీదుగా వెళ్లిపోయింది. మసౌకో గంట నొక్కలేదు.

మూడు నెలలకు ఫెల్డన్ ఇక్కడి తన మనుషులకు పంపిన రహస్య సందేశం ఒకటి చీఫ్ చేతికి చిక్కింది: "ఒక్క గింజా మొలవలేదు. ఇక్కడి మట్టి పనికిరాదంటోంది యాంఖో. అక్కడి మట్టి ఒక ఓడెడు కొనండి."

చీఫ్ కింద రాశాడు: "మనమే అమ్ముదాం. ఇసుక కలిపి."