టీపాయ్ కింది మైకు

శనివారం ఉదయం 10:20. లాల్‌గడి మలక్‌పేట్‌లో జైపాల్ ఇల్లు.

హాల్లో టీపాయ్ మీద తెల్ల చేతిరుమాలు పరిచారు. దాని మీద ఒక మైకు. పెసరగింజంత ఉంది. కింద చిన్న బోర్డు, బటన్ సెల్. ఇంటిల్లిపాదీ శవం చుట్టూ నిలబడ్డట్టు నిలబడ్డారు.

డిటెక్టివ్ మాధవీలత చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. ఆమె ఆఫీసు యాప్రాల్‌లో. కేసుల్లో ముప్పాతిక పెళ్లి ఎంక్వైరీలే. పిల్లవాడు తాగుతాడా అని అడుగుతారు. తాగుతాడని రిపోర్టు ఇస్తే, ఎంత తాగుతాడని అడుగుతారు. తర్వాత శుభలేఖ పంపుతారు.

"ఏం జరిగిందో టైముతో సహా చెప్పండి."

జైపాల్ మొదట రైతు. తర్వాత ప్లాట్లు. ఇప్పుడు కౌన్సిలర్ టికెట్ మీద పడ్డాడు.

"పోయిన ఆదివారం, మేడం. పదకొండు నలభై. పార్టీవాళ్లు వరండల చాయ్ తాగుతున్నరు. నేను గీ సోఫాల కూసొని మెల్లగ ఒక మాటన్న."

"ఏమని?"

"మా మండల అధ్యక్షునికి సంతకం పెట్టనీకె రాదు, నాకు టికెట్ ఇస్తడంట, అని."

"తర్వాత?"

"బుధవారం పొద్దుగాల ఏడింటికి గా మాట ఊరి వాట్సాప్ గ్రూపుల వడ్డది. నా గొంతుతోటే. గుడ్ మార్నింగ్ పూల బొమ్మ కింద. తొమ్మిదింటికి టికెట్ పాయె."

"ఈ మైకు ఎవరికి దొరికింది?"

"నాకే," అన్నాడు కొడుకు నిఖిల్. "గురువారం. టీపాయ్ కింద అతికిచ్చి ఉండె. మెమరీ కార్డు అప్పటికే లేదు."

"ఎవరిది?"

అందరూ కోడలి వైపు చూశారు. అశ్రిత. నిఖిల్ భార్య. కండ్లకోయ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్. పెళ్లై పదకొండు నెలలు.

"సాయంత్రం పుట్టింట్ల దించి వస్తం," అన్నాడు జైపాల్. "మల్ల తోల్కొచ్చేది లేదు. ఊకెనే పంపితే బాగుండదని మిమ్మల్ని పిలిచిన. రిపోర్టు ఉంటే వాళ్ల నాయినకు చూపియ్యచ్చు."

అంటే తీర్పు అయిపోయింది. విచారణే మిగిలింది.

మాధవీలత అశ్రితను అడిగింది. "మీదేనా?"

"మా ల్యాబ్‌దే. రెండు రకాలు తెచ్చిన, పోల్చి చూడనీకె. అల్మరల పెట్టిన. అందరికీ ఎరుకే."

"మీరే పెట్టారా?"

"నేను పెట్టాలనుకుంటే గిది పెట్టను, మేడం. రెండోది పెడతుంటి. మూడు రోజుల సంది నన్నెవరూ అడగలేదు."

ఆమె మొగుడి వైపు చూసింది. మొగుడు ఫోన్ వైపు చూశాడు.

అశ్రిత రెండో మైకు, స్పెసిఫికేషన్ కాగితం తెచ్చింది. దొరికిన మైకుకి సెన్సిటివిటీ మైనస్ 26. సిగ్నల్ టు నాయిస్ 59. రెండోదానికి మైనస్ 37, 69.

జైపాల్ ఆ కాగితాన్ని షుగర్ రిపోర్టు చూసినట్టు చూశాడు. "రెండూ మైనసేనా? సున్నకన్న తక్కువున్నది ఎట్ల పనిజేస్తది?"

"మైనస్ ఇరవై ఆరే ఎక్కువ, బాపు," అన్నాడు నిఖిల్. "సెన్సిటివిటీ ఎక్కువుంటే చిన్న మాట గూడ పట్టుకుంటది. గందుకే ఈమె గిది తీసుకున్నది."

మాధవీలత ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది. 10:55కి మేడ్చల్ వెళ్లింది. 1:15కి తిరిగొచ్చింది.

దొరికిన మైకులో కొత్త కార్డు వేయించింది. టీపాయ్ కింద అతికించింది.

"జైపాల్ గారూ, అదే సోఫా. అదే మాట. అంతే మెల్లగా."

జైపాల్ అన్నాడు. కార్డు తీసి వినిపించింది.

స్‌స్‌స్‌స్. ఇడ్లీ కుక్కర్ ఆవిరి. అందులో మనిషన్నవాడు లేడు.

తర్వాత వాట్సాప్ క్లిప్. జైపాల్ గుటక వేయడం కూడా వినిపించింది.

"సెన్సిటివిటీ అంటే విన్నదాన్ని ఎంత గట్టిగా అందిస్తుందో చెప్పే అంకె," అంది మాధవీలత. "ఎంత మెల్లటి మాట వినగలదో చెప్పేది కాదు. ప్రతి మైకూ తనలో తాను కొంత రొద చేస్తుంది. కొలతకు వాడే తొంభై నాలుగు డెసిబెల్స్ లోంచి సిగ్నల్ టు నాయిస్ అంకె తీసేస్తే ఆ రొద ఎంతో తెలుస్తుంది. దీనికి ముప్పై ఐదు డెసిబెల్స్. దానికి ఇరవై ఐదు. మీ గుసగుస టీపాయ్ కిందికి చేరేసరికి ముప్పై కూడా ఉండదు. రొదలో మునిగిపోయింది. సౌండ్ పెంచితే రొద కూడా పెరుగుతుంది."

ఆమె దొరికిన మైకును మళ్లీ చేతిరుమాలు మీద పెట్టింది.

"ఇది తెలిసిన మనిషి ఈ మైకు ముట్టదు. ఫ్రిజ్ కొనేటప్పుడు స్టార్లు మాత్రమే లెక్కపెట్టే మనిషి ముడతాడు. క్లిప్ బయటికొచ్చాక, దొరకడం కోసమే దీన్ని పెట్టారు. అసలు మైకు మీ నోటికి జానెడు దూరంలో ఉంది. ఆ మాట ఎవరితో అన్నారు?"

జైపాల్ చాలాసేపు ఆలోచించాడు. గుర్తుకు రాక కాదు.

"మావోనితోని, నిఖిల్‌తోని. దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యేసి."

"అప్పుడే మన ప్లాట్ల లేఅవుట్ కాడ ఫోన్ల రీలు తీసి వచ్చిండు," అంది నిఖిల్ తల్లి రాధమ్మ, సాయం చేస్తున్నాననుకుని. "కాలర్‌కు గా బొచ్చు మైకు గట్లనే ఉండె. తీయరా అంటే ఇనలే."

మాధవీలత ఫోన్‌లో ఒక ఫ్లెక్సీ ఫోటో చూపించింది. "టికెట్ మీద ఆశ పుట్టినవాడు మొదట వెళ్లేది ఫ్లెక్సీ షాపుకి. మేడ్చల్‌లో మూడు తిరిగాను. 'మన వార్డు, మన నిఖిలన్న'. ఆర్డర్ మంగళవారం సాయంత్రం 4:10. మీ టికెట్ పోయింది బుధవారం."

నిఖిల్ ఫోన్ జేబులో పెట్టాడు. "నువ్వుండంగ నాకెప్పుడిస్తరు, బాపు? యూత్‌కు గూడ ఛాన్స్ రావాలె గద."

జైపాల్ ముఖం తుడుచుకున్నాడు. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషంలో తండ్రి పోయి రాజకీయ నాయకుడు వచ్చాడు.

"ఖాయమైందా?"

"సోమవారం బీఫాం ఇస్తమన్నరు."

"సర్లే. ఇంట్లనే ఉంటది. మేడం, రిపోర్టుల పేర్లు రాయకున్రి."

రాధమ్మ అన్నం వడ్డించడానికి లేచింది.

అశ్రిత కదల్లేదు. "నన్ను సాయంత్రం దించి వస్తమన్నరు," అంది నిఖిల్‌తో. "నువ్వు ఊకున్నవు."

"ఎలక్షన్ దాంకనే గద. గెలిచినంక నేనే వచ్చి తోల్కొస్తుంటి."

చాలా మామూలుగా అన్నాడు. అబద్ధం కూడా కాదు.

అశ్రిత మేడ మీదికి వెళ్లింది. కాసేపుంటే చల్లబడుతుందని ఇంటివాళ్లు పప్పు కలుపుకున్నారు. 1:50కి రెండు బ్యాగులతో దిగింది. గడప దగ్గర చెప్పులు వేసుకుంది.

ముద్ద చేతిలోనే పట్టుకుని జైపాల్ లేచాడు. "యాడికి, బిడ్డా? నీ తప్పేం లేదని తేలిపాయె గద."

"తేలింది, మామయ్యా. గందుకే పోతున్న."