పాత పలక రాసిన కోపం

“నేను రాయలేదని తొమ్మిది రోజులుగా మొత్తుకుంటున్నాను కదండీ!” అంది ఇందుమతి భర్తతో.

“మరి నీ చేతిపలక నుంచే రాసినట్టు చూపిస్తోందే!” మురారి తన పలక ఆమె ముందు పెట్టాడు. ‘ఇందుమతి, చిత్రలేఖ: మాటల్లేవు.’ “దీనివల్లే కదా తమ్ముడూ చిత్రా ఆదివారం వేరే ఫ్లాటులో పాలు పొంగిస్తామంటున్నారు!”

ఎవరికి ఆకలి, ఎవరికి తలనొప్పి, ఎవరికి ఎవరితో పొసగడం లేదు, అన్నీ మేఘకోశమనే ఉమ్మడి చిట్టాలో రాసుకోవడం కాకినాడలో ఇంటింటా అలవాటే. అందరి పలకలూ, వంటయంత్రమూ అందులోంచే చదువుకుంటాయి. మాటల్లేని ఇద్దరిని ఇల్లు ఒకే బల్ల దగ్గరికి పిలవదు. ఒకరు తిని లేచాకే రెండోవారి గదిలో గంట మోగుతుంది. పోట్లాటలు తగ్గాయని అందరికీ సంతోషమే.

తోడికోడలి మీద తనకు కోపమెందుకో ఇందుమతికి తెలియలేదు. కోశంలో ఉందంటే ఏదో ఉండే ఉంటుందని వెతుక్కుంది. వెతికితే దొరకనిదేముంది? తను జ్వరంతో పడుకుంటే చిత్ర గడప దాటి రాకపోవడం, తన పులుసు చప్పగా ఉందని అత్తగారి ముందు నవ్వడం... అన్నీ జరిగినవే. మరి అప్పుడు నొప్పెట్టలేదేం?

ఇంతలో అత్తగారు మంగతాయారు వచ్చింది. “ఒరే మురారీ, ఇందులో అక్షరాలు మరీ చీమల్లా ఉన్నాయిరా.”

ఇందుమతి ఆమె చేతిలోది చూసి ఉలిక్కిపడింది. “ఇది నా పాత పలక కదూ?”

“అమ్మకి పనికొస్తుందని బాగుచేయించాను. తొమ్మిది...” మురారి ఆగిపోయాడు.

అప్పుడు ఇందుమతికి గుర్తొచ్చింది. మూడు నెలల కిందట పరదాల రంగు దగ్గర చిత్రతో మాటామాటా పెరిగి, లిఫ్టులోకెళ్ళి ‘మాటల్లేవు’ అని విసురుగా రాసింది. అక్కడ సిగ్నల్ లేదు. ఆ విసురుకే పలక జారిపడి మూగబోయింది. పైకొచ్చేసరికి చిత్ర కాఫీతో ఎదురొచ్చింది, ఇద్దరూ నవ్వేసుకున్నారు. ఇన్నాళ్ళకు మేల్కొన్న పలక, తన కడుపులో ఉన్న మాటను బుద్ధిగా పైకి పంపింది. కోశానికి చివర చేరిందే నిజం.

“తొమ్మిది రోజులు ఇంటిల్లిపాదికీ రెండు పంక్తులు పెట్టించావు కదరా సన్నాసీ!” అంది మంగతాయారు.

“ఇంతేనా! చెరిపేస్తే సరి,” మురారి నవ్వాడు.

“చెరపకండి బావగారూ,” అంది గుమ్మంలోంచి చిత్ర. ఆమె వెనక మరిది కూడా ఉన్నాడు. “అక్కకి కోపమెందుకా అని నేనూ వెతుక్కున్నాను. నాకూ తనమీద కోపాలు దొరికాయి.”

ఏది పొరపాటో, ఏది నిజమో ఇందుమతికి అర్థం కాలేదు. పోట్లాట అబద్ధం. మరి ఈ బాధ?

ఆమె తన కొత్త పలక తీసి, కోశంలోంచి తన పేరే తీసేసింది. తర్వాత మెల్లగానే, అందరికీ వినపడేలా చెప్పింది:

“ఇకమీదట నా సంగతులేవీ అందులో ఉండవు. కోపమొస్తే నేనే చెప్తాను. చిత్రా, నాకు నీమీద కోపంగా ఉంది. ఇప్పుడు నిజంగానే ఉంది. ఈ పూట మనిద్దరం ఒకే పంక్తిలో కూచుంటున్నాం. ముందు నువ్వు చెప్పు, తర్వాత నేను చెప్తాను.”