తీరకన్నులో చుక్క

ఉప్పుగాలి కొట్టి, ఇంటి కప్పు మీంచి సముద్రాన్ని చూసే తీరకన్ను అద్దం మీద పల్చటి తెల్లపొర కట్టింది. నూకరత్నం నిచ్చెన పైమెట్టు మీద నిలబడి, వాననీళ్లలో తడిపిన పాత చీరముక్కతో ఆ పొరను తుడుస్తోంది. మధ్యలో మొదలుపెట్టి అంచు దాకా, చుట్టూ తిప్పుకుంటూ. ఉప్పునీళ్లు తగలకూడదు. గోరు తగలకూడదు. ఊదకూడదు, నోటితడి పడుతుంది. కన్నుకాపుగా చేరిన మొదటిరోజు నేర్పిన పని ఇది. ఆరేళ్లుగా పొద్దున్నే మొహం కడుక్కోకముందే చేస్తోంది. కానీ ఎంత తుడిచినా పోనిది ఈ రోజు ఒకటుంది. అది అద్దం మీద లేదు. లోపల, రెండు అద్దాల నడుమ ఉంది.

“వదినా, అడ్డు తియ్యి! అగుపడ్డం నేదు,” అని కింద ఇంట్లో చూపుపలక ముందు కూర్చున్న మరదలు గంగామణి కేకేసింది.

నూకరత్నం చెయ్యి తీసింది.

“ఆఁ, ఉన్నాడు. నిన్న ఆవగింజంత ఉన్నాడా, ఇయాల పెసరగింజంత అయినాడు. వొచ్చేస్తన్నాడు వదినా.”

నూకరత్నం గుడ్డ పిండి, నిచ్చెన అంచు మీద ఆరేసింది.

గంగామణి మొగుడు దానేసు నూకరత్నానికి ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. చంక దింపకుండా పెంచింది. ఒంటిమనిషి పడవ మీద వేటకు వెళ్లి ఇవాళ్టికి పదకొండో రోజు. రెండోరోజు మధ్యాహ్నమే ఇంజను నుంచి ఒడ్డుకు అందే ఊసు ఆగిపోయింది. డ్రమ్ములో నీళ్లు ఆరు రోజులకు సరిపోతాయి. ఆ తర్వాత సముద్రపు నీళ్లలో ఉప్పు విరిచే గొట్టం ఎండ కాసిన రోజున గ్లాసెడు ఇస్తుంది. రోజుకు గ్లాసెడు నీళ్లతో మనిషి ఎన్నాళ్లు నిలబడతాడో ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

మూడోరోజు పొద్దున చూపుపలక మీద ఆగ్నేయం మూల ఒక చుక్క కనబడింది. తీరాన్ని కాసే కేంద్రం దాన్ని పడవ అని రాసుకుంది. తప్పిపోయిన పడవలను వెతికే మర, గాలింపు డేగ, ఆ వైపు ఎగిరి, ఖాళీ నీళ్ల మీద చుట్టూ తిరిగి, సాయంత్రానికి వట్టి రెక్కలతో వచ్చింది. అల మాటున ఉండవచ్చు అంది కేంద్రం. మర్నాడు చుక్క వెంట్రుకవాసి పెద్దదైంది. సమీపిస్తోంది అని రాసుకుంది. అప్పటినుంచి డేగ రోజూ అటే పోతోంది, రోజూ అలాగే వస్తోంది. గాలింపు జరుగుతున్నంతకాలం డేగకు వేరే పడవ అడ్డు రాకూడదు కనుక తీరం ఎరుపులో ఉంది. ఒడ్డున ఉన్న నలభై పడవలకూ కేంద్రం వేసిన నిలుపుతాళాలు పడి ఉన్నాయి. ఊరు ఎండుచేపల అడుగూ బొడుగూ తింటోంది.

నిన్న ఆ చుక్కకు సన్నటి నూలుపోగుల్లాంటి అంచులు కనిపించాయి నూకరత్నానికి. పడవకు పోగులుండవు. గంగామణి నీళ్లకు వెళ్లిన సమయం చూసి, కన్నుకాపు చేయకూడని పని చేసింది. కన్నును బిగించిన మరలు వదులు చేసి పక్కకు తిప్పింది. పలక మీద సముద్రం జరిగిపోయింది. చుక్క జరగలేదు.

బూజు. లెన్సు లోపలికి తేమ దూరి పట్టిన బూజు. రోజురోజుకూ పెరుగుతోంది, అంతే.

ఆమె దిగి వచ్చేసరికి గోడలోంచి కేంద్రం పలుకు మొదలైంది.

“కన్నుకాపు నూకరత్నం గారూ, మీరు నిన్న తెలిపిన లోపం నిర్ధారణ అయింది. మీ కటకానికి హామీ గడువు ముగిసి నాలుగు నెలలైంది. గడువులో ఉంటే మేమే మార్చేవాళ్లం. గడువు దాటింది కాబట్టి నిర్ణయం మీది. మరమ్మతా, వదిలివేతా? మధ్యాహ్నంలోగా చెప్పండి.”

గంగామణి తల తిప్పింది. “ఏటి లోపం, వదినా?”

“కన్నుకి... కూసింత,” అంది నూకరత్నం. మరదలి కళ్లలోకి చూడలేక గోడ వైపు తిరిగి అడిగింది. “మరమ్మతు చేయిస్తే ఏమవుతుంది?”

“కొత్త కటకం సాయంత్రానికి వస్తుంది. పాత కటకం చూసినదంతా కొట్టివేయబడుతుంది. పడవ చివరిసారి కనిపించి పది రోజులు దాటినట్టవుతుంది. గాలింపు ముగుస్తుంది. తీరం పచ్చబడుతుంది. మునిగినవారి పట్టీలో పేరు చేరుతుంది.”

“వదిలేస్తే?”

“ఇప్పుడు నడుస్తున్నట్టే నడుస్తుంది.”

“డేగను ఉత్తరానికి పంపండి. ఈ నెలల్లో నీరు ఉత్తరానికి లాగుతుంది. ఇంజను ఆగిన పడవ అటే పోతుంది. మా ఊళ్లో చిన్న పిల్లనడిగినా చెబుతుంది.”

“కన్ను చూపని వైపు డేగ వెళ్లదు, నూకరత్నం గారూ.”

“కన్ను చూపేది బూజని మీరే అన్నారు కదా!”

“నిర్ధారణ అయింది. మరమ్మతు జరిగేదాకా చూపు చెల్లుతుంది.”

పలుకు ఆగింది. గంగామణి పీట మీంచి లేవలేదు. బూజన్న మాట ఆమె విందో లేదో తెలియలేదు. ఆమె బొటనవేలి గోరు పలక మీద చుక్క పక్కన ఆనించి ఉంది, కొలుస్తున్నట్టు.

గుమ్మంలో దగ్గు వినిపించింది. ఊరిపెద్ద ఎర్రయ్య. అరవై దాటినా దవడలు బిగువైన మనిషి. ఈ పది రోజుల్లో మాత్రం ఆ దవడలే లోపలికి పోయాయి. చుక్క సంగతి నిన్న సాయంత్రమే నూకరత్నం ఆయనకు చెప్పింది. ఆయన వచ్చి చాప మీద కూర్చున్నాడు.

“ఏటి నూకీ, సెప్పీసినావా కేంద్రానికి, మరమ్మతని?”

“నేదు మావా.”

“ఇంకేటి సూస్తన్నావు? పొయ్యిలో పిల్లి లేగడం నేదు ఊళ్లో. నిన్న మా కోడలు ఉప్పుసేప తలకాయలు ఉడకబెట్టి నీళ్లు పోసింది మాకు. కూరంట అది! కూరనాలో, సముద్రాన్ని కాసి పోసిందనాలో.”

నవ్వించాలని అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

“మరమ్మతు సేయిస్తే తమ్ముణ్ణి నాను సంపినట్టే మావా.”

“సేయించకపోతే?”

“అప్పుడూ నానే.”

ఎర్రయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. “ఆడు పోయినాడే అమ్మీ. పదకొండు రోజులు. నాకు బాధ నేదనుకున్నావేటి? వల ఎయ్యడం నేర్పినోణ్ణి నాను. ఒక్కడి కోసరం నలభై కొంపలు...”

“పోనేదు,” అంది గంగామణి. తల తిప్పకుండానే. “అదిగో. సూడండి. వొస్తన్నాడు.”

ఎర్రయ్య నూకరత్నం వైపు చూశాడు. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

నూకరత్నం బయటికి వెళ్లి నిచ్చెనెక్కింది. మరలు వదులు చేసింది. నిన్నటిలా కొద్దిగా కాదు. కన్ను మెడ పట్టుకుని పూర్తిగా వెనక్కి, నేల వైపు తిప్పింది. ఆరేళ్లలో మొదటిసారి తీరకన్ను ఊరిని చూసింది. కింద పలక మీద అలలు పోయి రేకుల కప్పులు వచ్చాయి, తాటితోపు వచ్చింది, దాని వెనక ఎర్రకొండ వచ్చి నిలబడింది.

కొండ మీద పడవ ఉంది. పెసరగింజంత పడవ.

నూకరత్నం నిచ్చెన మీదే ఉండిపోయింది. దిగితే మరదలి మొహం చూడాలి. చివరికి దిగింది.

గంగామణి ఏడవడం లేదు. కొండ మీది చుక్కను చీరకొంగుతో తుడుస్తోంది. ఒకసారి, రెండుసార్లు. తర్వాత కొంగు ఒళ్లో పెట్టుకుంది.

“అయితే ఎనిమిది రోజులు ఆ డేగ ఉట్టినే తిరిగిందా?”

“ఊఁ.”

“ఈ ఎనిమిది రోజులూ ఆడు ఇంకో పక్క ఉన్నాడా? ఉత్తరాన?”

నూకరత్నం పీట పక్కన చతికిలబడింది.

“నాను ఇక్కడ కూకోని బూజుకి దండం పెట్టినాను వదినా. పొద్దున్నా, మాపూ.”

ఎర్రయ్య లేచాడు. “సాల్లే. నూకీ, పిలిచి సెప్పు. మరమ్మతు అను. ఆ పిల్లకి కూడా ఓ దారి తెలుస్తాది.”

నూకరత్నం గోడ దగ్గరికి వెళ్లింది. పలుకును పిలిచే మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా ఆగింది. శిక్షణలో ఇచ్చిన పుస్తకం ఆమెకు కంఠస్థం. ఇతర కాపులు వదిలేసే వెనక పేజీలు కూడా చదివింది; సాయంత్రాలు ఇంకేం పని ఉంటుంది కనుక. పెద్ద తుఫాను ఏట కన్నులు విరిగిపడి, తాళాలు పడ్డ పడవలు ఒడ్డున ఉన్నవి ఉన్నట్టే బద్దలయ్యాక రాసిన పేజీలు అవి. కన్ను మూసుకున్న తీరంలో తాళాలు నిలవవు. కన్ను మూసుకున్న తీరంలో రోజులు లెక్కకు రావు. కన్ను మూసుకున్నప్పుడు నీట ఉన్న ప్రతి పడవా తప్పిపోయిన పడవే. పడవకొక డేగ.

“మావా, మరమ్మతూ వద్దు, వదిలివేతా వద్దు. లెన్సు పీకేస్తే?”

“పీకీడమేటి?”

ఆమె చెప్పింది. తాళాలు ఊడతాయి. పడవలు నీట్లోకి పోతాయి. పోయిన ప్రతిదాన్నీ కేంద్రం తప్పిపోయిందనుకుని డేగను పంపుతుంది. మన దగ్గర ఉన్నది ఒకటే డేగ. మిగతావి పైతీరాల నుంచి, కిందితీరాల నుంచి రావాలి. ఏ వైపు వెతకాలో చూపే కన్ను లేదు కాబట్టి అన్ని వైపులా వెతుకుతాయి. ఉత్తరం కూడా.

ఎర్రయ్యకు ఒక్కసారిగా కోపమొచ్చింది.

“నీకు మతుందా? మన డేగలు కావవి. ఆటిని లాగీస్తే డేగ నేని ఆ ఊళ్లన్నీ ఎరుపులో పడతాయి. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క పడవ కదల్దు. మన ఆకలి ఆళ్లందరికీ పంచుతావా? అదీగాక గాలి లెగిసిందనుకో. నలభై మంది నీట్లో ఉంటే సూసే కన్నే నేదు. ఒక్కణ్ణి తెత్తానని నలుగుర్ని తోసీమంటావా? రేపు కేంద్రమోళ్లు కన్నే తీసుకెల్లిపోతే ఊరు ఊరంతా గుడ్డిదై కూకుంటాది!”

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. నూకరత్నం తల వంచుకుంది. పక్క ఊళ్లలో కూడా ఎవరో ఒకరు ఉప్పుచేప తలకాయలు ఉడకబెట్టుకోవాల్సి వస్తుంది. వాళ్లెవరికీ దానేసు ఎవరో తెలియదు.

“నిజమే మావా,” అంది.

అని బయటికి వెళ్లి నిచ్చెనెక్కింది.

లెన్సు చుట్టూ ఉన్న ఇత్తడి కట్టును రెండు చేతులతో పట్టుకుంది. ఆరేళ్ల ఉప్పు గట్టిపడి ఉంది; మొదట కదల్లేదు. అరచెయ్యి తెగింది. కింద ఎర్రయ్య ఒలే ఒలే అని అరుస్తున్నాడు. ఆమె ఇంకోసారి తిప్పింది. ఏదో విరిగినట్టు చప్పుడైంది, ఆ తర్వాత కట్టు సులువుగా తిరిగింది. లెన్సు చేతిలోకి వచ్చింది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. వెలుగుకు ఎత్తి చూస్తే లోపల తెల్లటి పోగులు, సాలీడు అల్లినట్టు.

ఒడ్డు మీద తాళాలు ఊడటం మొదలైంది. టక్. టక్. ఒకదాని తర్వాత ఒకటి, ఇసుక పొడవునా, చిట్టచివరి పడవ దాకా. ఇళ్లలోంచి జనం బయటికొచ్చి చూస్తున్నారు. ఎవరూ అడుగు వేయలేదు. అందరి చూపూ కన్నుకాపు ఇంటి వైపే, లోపలున్న పెద్ద ఏమంటాడా అని.

ఆమె దిగి లోపలికి వచ్చింది. పలక తెల్లగా ఉంది. గంగామణి చీర కుచ్చిళ్లు ఎగదోపి నడుముకు చుడుతోంది.

“యాడికే?” అన్నాడు ఎర్రయ్య.

“తాళమూడిన ఏదో ఓ పడవ దగ్గరికి.”

“ఆడది పడవెక్కితే గంగమ్మ ఊరుకుంటాదేటి?”

“గంగమ్మ మాత్రం మొగోడేటి, మావా?” అంది గంగామణి. “వదినా, ఉత్తరమంటే కొండ ఎడంచెయ్యి పక్కుండాలి కదా?”

“ఎడంచెయ్యి పక్కే. ఒడ్డు కంటికి ఆనినంత దూరమే ఎల్లు. నడిసముద్రం మీదకి పోకు.”

“అలగే,” అని వెళ్లిపోయింది.

ఇద్దరూ ఎదురుచూశారు. ఎర్రయ్య కిటికీ దగ్గర నిలబడ్డాడు. నూకరత్నం అరచేతికి గుడ్డ చుట్టుకుంది. చాలాసేపటికి ఇంజను దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గి అందుకుంది. ఒక్కటే ఇంజను.

“ఎవుడూ ఎల్లడు,” అన్నాడు ఎర్రయ్య, తనలో తను. “నాను ఎల్లమనను. ఎలా ఎల్లమంటాను?”

గోడలో పలుకు మొదలైంది. ఎప్పటి గొంతే, కానీ మాటకూ మాటకూ మధ్య ఎడం పెరిగింది.

“తీరకన్ను మూసుకుంది. రోజుల లెక్క నిలిచింది. తప్పిపోయిన పడవలు రెండు. డేగలు రెండు. వెతకవలసిన వైపు...” పలుకు ఆగింది. ఆరేళ్లలో అది అలా ఆగడం నూకరత్నం వినలేదు. “వైపు తెలియదు. నూకరత్నం గారూ, వైపు తెలియదు. కటకం ఎప్పుడు బిగిస్తారు?”

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది.

“ఇది మరమ్మతా? వదిలివేతా?”

కిటికీలోంచి చూస్తే గంగామణి పడవ మొదటి అల మీద అడ్డం తిరిగి, సర్దుకుని, రెండో అల ఎక్కుతోంది. పడవ నడపడం రాని చెయ్యి అని ఇంత దూరానికే తెలుస్తోంది. ఒడ్డున మగవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

“మావా,” అంది నూకరత్నం.

ఎర్రయ్య ఆమెను చూడలేదు. కండువా తీసి తలకు చుట్టి ముడేసుకున్నాడు. గుమ్మం దగ్గర వంగి, మెట్టు మీది చెప్పుల్ని కాలితో పక్కకు నెట్టి, వట్టికాళ్లతో ఇసుకలోకి, పడవల వైపు దిగిపోయాడు.