ఉతికిందే ఉతుకు

"ఇది ప్రశ్నా, ఊరేగింపా?" అంది కత్తెర.

కాగితం మీద ఉన్నది ఒక్క ముక్క. మనుషులు ఎందుకు ఆలస్యం చేస్తారు?

"మనుషులంటే ఎవరు? పుట్టినవాళ్ళందరూనా? ఆర్నెల్ల పని ఆరు వారాల్లో చెయ్యాలి బాబూ. ఇంత ప్రశ్న ఎత్తుకుంటే మునుగుతాం."

ఆమెకు ఏ రాత ఇచ్చినా సగమే తిరిగొస్తుంది. అందుకే కత్తెర. ఆ ప్రశ్న రాసినవాణ్ణి దండయాత్ర అంటారు. పరిశోధనా వ్యాసం కోర్సు రెండుసార్లు తప్పాడు. ఇదే ఆఖరిసారి. ఇదీ పోతే డిగ్రీ లేదు. లెక్చరర్ ఇద్దరిద్దరిని జత చేశాడు; వీళ్ళిద్దరూ ఓ జత. క్లాసులు మొదలయ్యేలోగా ప్రశ్న కుదించుకుని, చదవాల్సినవి చదివి రమ్మన్నాడు.

"ఎక్కడ కలుద్దాం?" అన్నాడు.

"మా బాబాయి లాండ్రీలో పనిచేస్తాను. మిషన్ తిరుగుతున్నంతసేపూ ఖాళీ. అక్కడికే రా."

వెళ్ళాడు. బల్ల మీద కూర్చోబోయాడు. బాబాయి ఇస్త్రీ ఆపాడు.

"బట్టలేవి?"

"వేసుకున్నానండీ."

"ఉతకడానికయ్యా! ఊరికే కూర్చునేవాళ్ళకి ఇక్కడ బల్ల లేదు. మా అన్నయ్య వచ్చినా ఇదే రూలు."

మర్నాడు మాసిన బట్టలు తెచ్చాడు. మిషన్ తిరిగింది. ప్రశ్న మనుషుల నుంచి విద్యార్థులకు తగ్గింది.

"ఇంకా పెద్దగా ఉంది," అంది, పెన్సిల్ జడలో గుచ్చుకుంటూ. అతను జడ చూశాడు.

"ప్రశ్న ఇక్కడుంది," అని కాగితం చూపించింది.

తర్వాత మాసినవి లేవు. ఉతికినవే తెచ్చాడు. ప్రశ్న వాళ్ళ కాలేజీకి, అందులో పొద్దుటి మొదటి క్లాసుకు, అందులోనూ బస్సులో వచ్చేవాళ్ళకు దిగింది.

"ఇంకా పెద్దగానే ఉంది."

దుప్పట్లు వచ్చాయి. అక్క చున్నీలు వచ్చాయి. ఓ వానరోజు కర్టెన్లు వచ్చాయి. మోసుకొచ్చినవాడు వాటికంటే ఎక్కువ తడిశాడు.

"నిన్ను కూడా మిషన్లో వెయ్యనా?"

"వెయ్యి. అది తిరిగినంతసేపూ నువ్వు ఖాళీయేగా."

కత్తెర తల దించేసింది. చాలాసేపు కాగితంలో ఏమీ కొట్టెయ్యలేదు.

క్లాసులకు ముందురోజు ఒకావిడ లాండ్రీలోకి దూసుకొచ్చింది.

"ఒరేయ్! కర్టెన్లేవిరా? మన కంచాల్లో ఏముందో ఎదురింటావిడ చెప్తోంది!"

"అమ్మా, ఉతకాలని..."

"జన్మలో చొక్కా తీసి తగిలించావా? ఏమైందిరా నీకు?"

"రోజూ వస్తున్నాడమ్మా," అన్నాడు బాబాయి. "ఉతికిందే ఉతికి ఆ దుప్పటి వలలా అయింది."

"చదువు కోసమేనే. ప్రశ్న చిన్నది చెయ్యాలి. ఇంకా అవలేదు."

తల్లి కాగితం లాక్కుని చదివింది. "ఇంతకంటే ఏం చిన్నది చేస్తారు? ఇంక మిగిలింది డ్రైవరూ కండక్టరే!"

కత్తెర చెవులు ఎర్రబడ్డాయి. "అది... బుధవారమే అయిపోయిందండీ."

"బుధవారమా!" అన్నాడు దండయాత్ర. "మరి రోజూ పెద్దగా ఉందన్నావు?"

"అనకపోతే నువ్వు రావుగా."

బాబాయి ఇస్త్రీపెట్టె చొక్కా మీదే మరిచిపోయాడు. వాసన వచ్చింది. అదృష్టం, అది దండయాత్ర చొక్కాయే.

అతనికి చొక్కా కనబడలేదు. "చదవాల్సినవి నేనూ ఎప్పుడో చదివేశాను. చెప్తే రావద్దంటావని చెప్పలేదు. నువ్వంటే ఇష్టం."

"ముందు పాసవ్వు. మూడోసారీ తప్పితే మా ఇంట్లో నీ పేరెత్తలేను."

"పాసైతే?"

"ఇంటికి రా. మూట తేనక్కర్లేదు. మీ అమ్మగారిని తీసుకురా."

"త్వరగా కానియ్యండమ్మా," అంది తల్లి. "ఇంకొన్నాళ్ళయితే వీడు తలుపులు కూడా పీక్కొస్తాడు."

దండయాత్ర పాసయ్యాడు. గట్టెక్కాడు అనడమే న్యాయం. తల్లిని వెంటబెట్టుకుని కత్తెర ఇంటికి వెళ్ళాడు.

కత్తెర తండ్రి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "మీవాడికి ఏం పనొచ్చమ్మా?"

అతని తల్లికి అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"బట్టలుతికిస్తాడు అన్నయ్యగారూ. ఎన్నిసార్లయినా విసుక్కోడు."

వంటింట్లోంచి కత్తెర తల్లి గొంతు వినబడింది.

"ఇంకా ఏం అడుగుతారండీ? ఖాయం చెయ్యండి!"