పడవవాడు అడిగిన మాట

కొందరికి వేళకి ఒక వంక దొరక్కపోతే తిన్నది అరగదు. అలాంటివాడొకడు టైల్స్ ఫ్యాక్టరీలో పని చేసేవాడు. తయారై వచ్చిన పలకని వేలి కణుపుతో కొట్టి, చప్పుడు విని, డొల్లగా పలికితే పక్కన పడేయడం అతని ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని ఫ్యాక్టరీలోనే వదిలేసి వస్తే ఏ గొడవా ఉండేది కాదు. ఇంటికి మోసుకొచ్చేవాడు. తలుపులు కొట్టి చూసేవాడు, పుచ్చకాయలు కొట్టి చూసేవాడు, పెళ్ళాం మాట్లాడితే ఆ మాటనీ కొట్టి చూసేవాడు. వీధిలోవాళ్ళు చాటుగా వంకలాయన అనేవారు. భార్య కూడా మనసులో అలాగే పిలుచుకునేది. ఇన్నేళ్ళ కాపురంలో అతని మీద ఆమెకి మిగిలిన ముద్దుపేరు అదొక్కటే.

ఆమె ఓర్చుకునేది. పాప ఓర్చుకోలేదు. ఒకరోజు స్కూల్లో ముగ్గురి బొమ్మా వేసి, మురిసిపోతూ తెచ్చి నాన్న చేతికిచ్చింది. వంకలాయన దాన్ని వెలుగుకి పట్టి చూసి, నా చెయ్యి మోకాలి దాకా ఉందేం, మీ అమ్మకి మెడ ఏదీ, ఇలాంటివాటికి కాగితాలు తగలేస్తారా అన్నాడు. పాప ఏడవలేదు. బొమ్మ తీసుకుని వెళ్ళిపోయింది, అప్పట్నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది. ఏం కావాలన్నా తల్లిచేత అడిగించేది. ఆమె కూడా అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చింది. పాప ఎన్నాళ్ళుగానో అడుగుతున్న పార్కుకి ముగ్గురూ కలిసి వెళ్ళాలి. అక్కడ కూడా ఈ మనిషి పిల్లని చిన్నబుచ్చితే, మర్నాడే పిల్లని తీసుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళిపోవాలి. బట్టలు సర్దిన సంచీ అప్పటికే మంచం కింద ఉంది.

వెళ్ళిన రోజు మధ్యాహ్నం చినుకులు పడుతున్నాయి. జనం పలచగా ఉన్నారు. వంకలాయన గేటు దగ్గరే మొదలుపెట్టాడు. గేటు ఒక పక్కకి ఒరిగిందన్నాడు. బాటకి పరిచినవి రెండో రకం పలకలన్నాడు. కాగితం గ్లాసులో టీ చల్లారిపోయిందన్నాడు. నిజం చెప్పాలంటే అవన్నీ నిజాలే. అతనితో వచ్చిన చిక్కే అది. అబద్ధాలాడేవాడైతే పోనీలే అని కొట్టిపారేయొచ్చు. ఈయన నిజాలతో చంపేవాడు.

పాపకి కావలసింది వరద పడవ. సిమెంటుతో కట్టి ఆకుపచ్చ రంగు పూసిన కొండ, దాని చుట్టూ నీళ్ళ కాలువ, కాలువలో పట్టాల మీద నడిచే పడవలు. పడవ కొండ లోపలి గుహలోకి వెళ్తుంది. చీకట్లో బొమ్మలు కథ చెబుతాయి. చివర పైకెక్కి, ఒక్కసారిగా కిందికి జారి, జనాన్ని నిలువునా తడిపి బయటికొస్తుంది. కథ గోడ మీద రాసి ఉంది. ఒక ఊరిని వరద ముంచెత్తిందట. ఉన్నది ఒకే పడవ. పడవవాడు ప్రతి గట్టు దగ్గరా ఆగి, మీవాళ్ళందరూ ఎక్కారా అని అడిగి, ఎక్కారు అంటేనే పడవ కదిపేవాడట. లోపల అతని బొమ్మ కూడా అలాగే అడుగుతుంది. జనం ఎక్కారు అని అరిస్తే చేతిలోని గెడకర్ర ఎత్తి దారి ఇస్తుంది.

పాప అంత కథా చదివి, తల్లి చెయ్యి వదిలి, చాలా రోజుల తర్వాత తండ్రి ముఖంలోకి చూసింది.

"నాన్నా, పడవవాడు అడిగితే ఎక్కారు అని నువ్వే చెప్పాలి. వేరే ఏమీ అనకూడదు. సరేనా?"

"సరేలే," అన్నాడు వంకలాయన.

ఆ సరేలే మీద తన కాపురమంతా వేలాడుతోందని అతనికి తెలియదు. భార్యకి తెలుసు. ఆమె చెప్పులు విప్పి పడవెక్కింది.

పసుపు రెయిన్‌కోటు వేసుకున్న ఆపరేటర్ బెల్టులు బిగించాడు. బరువున్నవాళ్ళు ముందు కూర్చోవాలన్నాడు. వంకలాయన ఒప్పుకుంటాడా? బరువు వెనక ఉండాలని కాసేపు పాఠం చెప్పి, ఆపరేటర్ వినిపించుకోకపోయేసరికి మూతి ముడుచుకుని ముందు వరసలో ఎడమ సీట్లో కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీ. తల్లీ కూతుళ్ళు అతని వెనక వరసలో కూర్చున్నారు. పడవలో ఇంకెవరూ లేరు.

గుహలోకి వెళ్ళగానే వెలుగు వెనకబడిపోయింది. క్లోరిన్ వాసన, ఆరని బట్టల వాసన, ఎక్కడో వేడెక్కిన వైరు వాసన. స్పీకర్లోంచి పాట వస్తోంది. ఇంటి కప్పు మీద నిలబడ్డ బొమ్మలు కిర్రుమంటూ చేతులెత్తి, కిర్రుమంటూ దించుతున్నాయి. ఒక ఆడబొమ్మకి జుట్టు చెవి మీదికి జారింది. వంకలాయనకి పండగే. జుట్టు చూడండి, అతుకులు చూడండి, వరదలో పోయేవాళ్ళు నవ్వుతున్నారేం అని ఒక్కొక్కటీ వేలెత్తి చూపించాడు. చెయ్యి చాపి గుహ గోడని కణుపుతో కొట్టాడు. టొక్కుమంది.

"డొల్ల. అంతా ఫైబరే," అన్నాడు.

లోకమంతా డొల్లని రుజువు చేయడానికి ఈ మనిషి ఇంకెన్ని వేళ్ళు అరగదీసుకుంటాడో అనుకుంది ఆమె. పాప అదేమీ పట్టించుకోవడం లేదు. ముందుకు వంగి మలుపు కోసం ఎదురు చూస్తోంది.

మలుపులో పడవవాడు కనిపించాడు. రాతి మీద నిలబడి ఉన్నాడు, మనిషికన్నా కొంచెం పొడుగు. తల మీంచి గోనె కప్పుకున్నాడు. ముఖం ఉండాల్సిన చోట చీకటి. గెడ దారికి అడ్డంగా ఉంది. అరిగిపోయిన గొంతు స్పీకర్లోంచి గరగరమంది.

"మీవాళ్ళందరూ... ఎక్కారా?"

పాప ఊపిరి బిగపట్టి తండ్రి వీపు వైపు చూసింది. వంకలాయన నవ్వాడు.

"లేదయ్యా. ఇంకొకడు రావాలి. ఆగు."

ఆమెకి ఇక ఆలోచించాల్సిందేమీ మిగల్లేదు. రేపు పొద్దున్నే అన్నయ్య ఇంటికి, అంతే అనుకుంది. అంతలో పడవ ఆగింది.

చూశారా, పాడైంది, నేననుకుంటూనే ఉన్నా అన్నాడు వంకలాయన, సంబరంగా. కానీ పాట కూడా ఆగింది. నీళ్ళు తోడే మోటారు చప్పుడు ఆగింది. వెనక కిర్రుమంటున్న బొమ్మలు ఆగిపోయాయి. క్లోరిన్ వాసన మెల్లగా పోయింది. దాని చోట బురద వాసన... చాలా రోజులు నీళ్ళలో నానిన బట్టల వాసన... వంకలాయన మళ్ళీ చెయ్యి చాపి గోడని కొట్టాడు. టొక్కుమనలేదు. ఇంకోసారి కొట్టాడు. చల్లటి, బరువైన రాయి. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు.

అతను ఏమీ అనకపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. తగిన శాస్తి జరిగిందని ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది. ఆ తర్వాత భయం వేసింది.

వెనక నీళ్ళలో ఎవరో నడుస్తున్నారు.

మోకాలి లోతు నీళ్ళలో, తొందర లేకుండా... ఒక అడుగు... ఇంకో అడుగు. చప్పుడు పడవ పక్కకి వచ్చింది. ఆమె మోచేతికి చలి తగిలింది. ఆమె తల తిప్పలేదు. పాప ముఖాన్ని ఒడిలోకి లాక్కోబోయింది, పాప రాలేదు. పడవ ముందు భాగం కిందికి కుంగింది. సీటు కిర్రుమంది.

ముందు వరసలో ఇప్పుడు రెండు తలలు.

ఒకే రకం తలలు. నడినెత్తిన అదే పలచబడ్డ జుట్టు. ఒక పక్కకి మడిచిన అదే కాలరు. కుడివైపు చొక్కాలోంచి నీళ్ళు కారుతున్నాయి. తేడా అదొక్కటే.

పడవవాడు వంగాడు. ఈసారి గొంతు స్పీకర్లోంచి రాలేదు.

"పాపా... ఇద్దరిలో మీ నాన్న ఎవరు?"

ఎడమవైపు మనిషి గింజుకున్నాడు. బెల్టు ఊడిరాలేదు. "ఇదేం పిచ్చి ఆట? ఎవడు వీడు? ఏమే, చూస్తూ కూర్చున్నావేం? దానికి కళ్ళు లేవా, కన్నతండ్రెవరో చెప్పడానికి ఇంతసేపా? తల్లి పెంపకం అలా ఏడ్చింది మరి."

కుడివైపు మనిషి తల తిప్పాడు. చీకట్లో ముఖం కనిపించలేదు.

"భయపడకు తల్లీ," అన్నాడు మెల్లగా. "నువ్వు వేసిన బొమ్మ చాలా బాగుంది."

పాప రెండు తలల వైపూ మార్చి మార్చి చూసింది. తర్వాత వేలెత్తి కుడివైపు చూపించింది.

"ఈయన."

పిల్లకి తెలియక కాదు. ఆ తిట్లు ఎవరివో పసిపిల్లకైనా తెలుస్తుంది. తల్లికి తెలియదా? కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె నోరు తెరిచింది. ఎన్నేళ్ళుగానో పేరుకుపోయిన చీదర ఆ మాటకి అడ్డం పడింది. తెరిచిన నోరు మూసుకుంది.

గెడ లేచింది... పడవ కదిలింది... "ఆగండి, నేను..." అన్న మాట వెనకనుంచి వచ్చింది, రాతి వైపునుంచి... మోటారు, పాట, బొమ్మల కిర్రు అన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. పడవ పైకెక్కింది. చివర వెలుగు కనిపించింది. ఆ తర్వాత కిందికి జారింది, కళ్ళనిండా నీళ్ళు.

బయట చినుకులు పడుతూనే ఉన్నాయి. ముందు వరసలో ఒక్కడే ఉన్నాడు, కుడి సీట్లో. ఆపరేటర్ వచ్చి అతని నడుముకి బెల్టే లేదని గమనించి కసిరాడు. ఎడమ సీట్లో బిగించి ఉన్న ఖాళీ బెల్టుని విప్పుతూ, సీటెందుకు మారారని అడిగాడు. తప్పు నాదేనండీ, మీ పడవ ఎంత బాగుందో అన్నాడతను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు కదా, ఆపరేటర్ కూడా చల్లబడ్డాడు. పాపని చంకకెత్తుకుని అతను గట్టెక్కాడు. పాప అతని మెడ చుట్టూ చేతులేసి పట్టుకుంది.

"అందరూ దిగారా మేడమ్?" అన్నాడు ఆపరేటర్. "పడవ లోపలికి పంపేయనా?"

ఆమె గుహ వైపు చూసింది. లోపల ఎవరో అరుస్తున్నట్టు ఉంది. బొమ్మల గొంతే కావచ్చు. కాదని ఆమెకి తెలుసు. గట్టు మీద పాప నవ్వుతోంది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు లేదు.

"దిగారు," అంది.

బస్టాండు దాకా అతను ఒక్క వంకా పెట్టలేదు. గేటు బాగుందన్నాడు. బాట పలకలు నున్నగా ఉన్నాయన్నాడు. ఆమె తెచ్చిన టీ తాగి, ఇంత మంచి టీ ఎప్పుడూ తాగలేదన్నాడు. ఆమెకి సిగ్గు వేసింది, అంతకన్నా ఎక్కువగా హాయిగా అనిపించింది. ఇంటికెళ్ళగానే ఆ సంచీలోని బట్టలు బీరువాలో పెట్టేయాలనుకుంది. ఇలాంటి మనిషి ఎక్కడినుంచి వస్తే ఏం, అనుకుంది.

బస్సులో పాప కిటికీ పక్కన కూర్చుంది, అతను పాప పక్కన. ఆమెకి వాళ్ళ వెనక సీటు దొరికింది. అతను వంగి పాప చెవిలో ఏదో అన్నాడు. పాప నవ్వింది. మళ్ళీ అన్నాడు. ఈసారి నవ్వలేదు. మూడోసారి అన్నాక, పాప సీటు మీద మోకాళ్ళతో లేచి, వెనక్కి తిరిగి తల్లి చెవి దగ్గరికి వంగింది.

"అమ్మా... నాన్న నా పేరు అడుగుతున్నాడు. చెప్పనా?"