నలిగిన చొక్కా

పాప మళ్లీ మొహం తిప్పేసుకుంది! ఎడమవైపు పాలు పట్టించబోయేసరికి ఒళ్లు విరుచుకుని, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. తల్లి కుడివైపుకి మార్చిందో లేదో, ఏమీ ఎరగనట్టు గుటకలు వేయడం మొదలుపెట్టింది. కొన్నాళ్లుగా ఇదే వరస. ఐదు నెలలైనా నిండని ఈ గడుగ్గాయికి (ఇంట్లో అందరూ పిలిచే పేరదే) ఎడమవైపు మీద అంత అలకెందుకో కోడలికి అంతుపట్టలేదు. పాలు నిలిచిపోయాయేమో, కాస్త పిండేద్దామని వేళ్లతో మెల్లగా ఒత్తింది. చంకకు దగ్గరగా, లోలోపల, కోటు గుండీ అంత గట్టిగా ఏదో తగిలింది. ఒత్తితే కదల్లేదు. నొప్పీ లేదు. నొప్పి ఉంటే బాగుండునని అనిపించింది ఆమెకు... నొప్పి లేకపోవడమే ఎందుకో గుండెను పిండేసింది!

"అత్తయ్యా! ఒక్కసారి ఇలా రండి..."

ముందు గదిలో ఇస్త్రీ కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. చేతిలోని ఇస్త్రీపెట్టెను నిలబెట్టి అత్తగారు వచ్చింది. తడిమి చూసి, ఫక్కున నవ్వేసింది.

"ఓస్, ఇంతేనా! పాలు గడ్డకట్టాయే పిచ్చి మొహమా. దీనికే అంత బెదిరిపోవాలా? నాలుగు పూటలు కాపడం పెడితే వెన్నలా కరిగిపోదూ!"

ఆ ఇంట్లో ఏ నొప్పికైనా మందు ఒక్కటే. తువ్వాలు నాలుగు మడతలు వేసి, దాని మీద ఇస్త్రీపెట్టె రాసి, ఆ వేడి పెట్టడం. కొడుకు నడుముకీ అదే, తన మోకాళ్లకీ అదే. "ఇస్త్రీపెట్టెకు లొంగని ముడతుందా?" అనేది ఆవిడ నిత్యం అనే మాట. ఇంట్లోవాళ్లెవరూ నలిగిన బట్టతో కొట్టు గడప దాటకూడదనేది ఆవిడ శాసనం. "ఇస్త్రీ కొట్టువాళ్లే ముడతలతో తిరిగితే ఇక మనకు బట్టలెవరిస్తారు?" అని కసిరేది. కోడలు పాపకు పాలివ్వడానికి వీలుగా మొగుడి పాత గళ్ల చొక్కా తొడుక్కునేది కదా, దాన్ని కూడా రోజూ విప్పించి గీత పోకుండా ఇస్త్రీ చేసి మరీ ఇచ్చేది!

రోజులు గడిచాయి. గుండీ కరగలేదు. చర్మం మాత్రం ఎర్రగా కందిపోయింది.

"డాక్టరుకి చూపిద్దామా అమ్మా?" అన్నాడు కొడుకు ఒకనాడు, బట్టల మీద నీళ్లు చిలకరిస్తూ, తలెత్తకుండానే.

"చూపించు, చూపించు! పోగానే పాలు మాన్పించమంటారు. బంగారంలాంటి పాలురా... పడ్డవాళ్లకు తెలుస్తుంది పాలు లేకపోతే ఏమిటో!" అంది అత్తగారు. కొడుకు పుట్టినప్పుడు ఆవిడకు పాలు పడలేదు. 'సీసా తల్లి' అని వీధంతా మూతులు విరిచింది. ఇన్నేళ్లయినా ఆ ముల్లు దిగినచోటే ఉంది. అందుకే కోడలు పాలిస్తుంటే ఎదురుగా కూర్చుని కళ్లప్పగించి చూసేది, తన లోటే తీరుతున్నట్టు.

ఆ మాటతో కొడుకు మళ్లీ నీళ్లు చిలకరించడంలో పడ్డాడు. అమ్మకూ ఆలికీ మధ్య అతను ఎప్పుడూ అంతే, అడకత్తెరలో పోకచెక్క!

ఒక పొద్దున తువ్వాలు మరీ వేడెక్కింది. పెట్టీ పెట్టగానే కోడలు కెవ్వున అరిచింది. చర్మం బొబ్బెక్కింది. అత్తగారు పరుగున తడిగుడ్డ తెచ్చి అద్దింది.

"ఇక నావల్ల కాదు అత్తయ్యా... నేను ఆస్పత్రికి వెళ్తున్నాను. మీరు వద్దన్నా వెళ్తాను!"

గడప దాటి తల్లిగారింటికి వెళ్లడానికి కూడా పదిసార్లు అడిగే కోడలు! అత్తగారు కాసేపు నిలువు గుడ్లేసుకుని చూసి, గడుగ్గాయిని చంకనేసుకుంది. "పద, నేనూ వస్తా. కానీ అమ్మాయ్... కాపడం మాట మాత్రం ఎత్తకే తల్లీ. ఒళ్లు కాల్చిందని నలుగురిలో నన్ను రాక్షసిని చేస్తారు..."

కోడలు తలూపింది.

డాక్టరమ్మ పరీక్షగా చూసింది. "ఎరుపు బాగా ఉంది, పొక్కింది కూడా. పాలిచ్చేవాళ్లకు ఇన్ఫెక్షన్ రావడం మామూలేనమ్మా. మాత్రలు రాస్తాను, పూర్తిగా వాడి మళ్లీ రా. అప్పటికీ గడ్డ పోకపోతే స్కాన్ చేద్దాం." కలం తీసి, మళ్లీ ఆగింది. "జ్వరం ఏమైనా వచ్చిందా?"

"లేదండీ..."

"మరి ఈ ఎరుపు దానంతటదే వచ్చిందా?"

కోడలు డాక్టరమ్మ చేతిలోని కలం వైపు చూసింది. ఇన్ఫెక్షన్! ఎంత చల్లని మాట! మాత్రలతో పోయేది... ఔనని ఒక్కసారి తలూపితే చాలు, పాపను ఎత్తుకుని నవ్వుతూ ఇంటికి వెళ్లిపోవచ్చు. అత్తయ్యకిచ్చిన మాటా నిలబడుతుంది. కానీ ఆ ఎరుపు ఎక్కడిదో తనకు తెలుసు! ఎరుపు కింద దాక్కున్నది ఏమిటో మాత్రం తెలియదు... తల ఊగబోతూ సగంలో ఆగింది.

"ఆ ఎరుపు నాది డాక్టరమ్మా!"

తలుపు దగ్గర అత్తగారు. చంకలో పాప.

"నేనే కాల్చాను... ఇస్త్రీపెట్టెతో తువ్వాలు వేడిచేసి కాపడం పెట్టాను. గడ్డ ముందు నుంచీ ఉంది, ఎరుపు తరవాతొచ్చింది. నన్ను తిట్టాలంటే తిట్టండి, దాన్ని మాత్రం సరిగ్గా చూడండమ్మా!"

డాక్టరమ్మ తిట్టలేదు. రాయబోయిన చీటీ పక్కకు నెట్టేసింది. "స్కాన్ ఇవాళే," అంది. ఆ నెమ్మది మాటకన్నా తిట్టినా బాగుండుననిపించింది అత్తగారికి.

స్కాన్ అయింది, సూదితో చిన్న ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరి మనసూ మనసులో లేదు. కొడుకు ఒకరి చొక్కా ఇంకొకరి మూటలో కట్టేశాడు. అత్తగారు తువ్వాలు తాకితే ఒట్టు!

"క్యాన్సరే," అంది డాక్టరమ్మ, ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టి. "కానీ ఇంకా చిన్నది. చంకలోకి పాకినట్టు కనిపించడం లేదు. ఆపరేషన్, తరవాత మందులు. కష్టపడాలి, కానీ నయం చేయగలిగే దశలోనే వచ్చారు. ఆవేళ ఈ పెద్దావిడ నోరు విప్పకపోతే మాత్రలతో ఇంకొన్ని వారాలు పోయేవి... పాపకు మాత్రం ఇక పాలు మాన్పించాలి."

ఇంటికొచ్చాక అత్తగారు కోడలి చేతులు పట్టుకుని భోరుమంది. "నా చేతులు పడిపోనూ! కాపడం కాపడమంటూ నెల తినేశానే..."

"ఆపండి అత్తయ్యా! ఆ గదిలో నేను తల ఊపబోయాను. మీరు ఆపారు..." కోడలు కూడా ఏడ్చేసింది. "నాకిప్పుడు ఏడవడానికి తోడు కాదు, పాపకు సీసా పట్టించడానికి తోడు కావాలి."

అత్తగారు కళ్లు తుడుచుకుంది. "సీసాయా? నీ మొగుణ్ణి నేను దాంతోనే కదే పెంచింది! వాడికేం తక్కువైంది, బుద్ధి తప్ప?"

ఏడుస్తూనే ఇద్దరూ నవ్వారు.

కానీ గడుగ్గాయి ఊరుకుంటుందా! సీసా పెదవికి తగలగానే ఉమ్మేసింది. తల్లి ఎత్తుకుంటే పాల వాసనకు రొమ్ము వెతుక్కుంటుంది. నాన్నమ్మ ఎత్తుకుంటే గుక్కపట్టి ఏడుస్తుంది. సాయంత్రానికి పిల్ల గొంతు బొంగురుపోయింది. లోపల గదిలో కోడలు చెవులు మూసుకుని, తడిసిన గుండెల మీద దిండు అదుముకుని కూర్చుంది... బిడ్డ ఆకలి గోడ అవతల, పాలు గోడ ఇవతల!

ఉన్నట్టుండి ఏడుపు ఆగింది.

కోడలు కంగారుగా లేచి కొట్టులోకి తొంగి చూసింది. బల్ల ముందు అత్తగారు కూర్చుని ఉంది. కోడలు నిన్న విడిచిన గళ్ల చొక్కా తొడుక్కుంది! ఉతకని చొక్కా, ఇస్త్రీ గీత ఒక్కటీ లేకుండా నలిగి ముద్దయిన చొక్కా, పాల మరకలతో సహా. గడుగ్గాయి ఆ చొక్కాలో ముక్కు దూర్చి, పిడికిట్లో గుండీ పట్టుకుని, సీసా గటగటా తాగుతోంది.

ఇస్త్రీ బట్టలు తీసుకుపోవడానికి వచ్చిన వీధి చివరి మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఇదేం చోద్యమమ్మా! మీ ఒంటి మీద నలిగిన చొక్కానా? ఇస్త్రీ చెయ్యనా నేను?"

"ష్... నెమ్మదిగా!" అంది అత్తగారు, పాప మొహం మీద నుంచి చూపు తిప్పకుండా. "దీని మీద పెట్టె పెట్టారో, చేతులు విరిచేస్తా."